చూరు కింద వడ్డన

మార్చి 20 ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. మూడేళ్ల కిందట ఆ రోజున ఆఫీసులో అందరూ ఫోన్లలో పిచ్చుక బొమ్మలు పంపుకుంటుంటే నాకూ హుషారు పుట్టి, ఆన్‌లైన్‌లో గింజల డబ్బా ఒకటి తెప్పించాను. ఆకుపచ్చ ప్లాస్టిక్ మూత, లోపలి గింజలు కనబడే గొట్టం, పిట్ట వాలడానికి చుట్టూ నాలుగు పుల్లలు. అట్టపెట్టె మీది బొమ్మలో, మా వైపు ఏనాడూ కనబడని పసుపుపచ్చ పిట్ట ఒకటి రాజాలా కూర్చుని గింజ కొరుకుతోంది.

పోరంకిలో మా ఇంటి వెనక రెండు సెంట్ల దొడ్డి ఉంది. జామకొమ్మకు డబ్బా కట్టి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటిరోజు ఒక ఉడత వచ్చింది. మూడోరోజుకి దాని బంధువులొచ్చారు. వారం తిరిగేసరికి గొట్టానికున్న కన్నాలను కొరికి రెట్టింపు చేశాయి. గింజలు బొటబొటా కింద రాలడం మొదలెట్టగానే పావురాలు దిగాయి. పిచ్చుకలు రాలేదా అంటే వచ్చాయి. గోడమీద కాసేపు కూర్చుని, ఈ జాతర చూసి, వెళ్లిపోయాయి. రోహిణి కార్తె ఎండలకు మూత అప్పడంలా పెళుసెక్కింది. ఒక సాయంత్రం ఈదురుగాలికి డబ్బా కిందపడి నాలుగు ముక్కలైంది.

ముక్కలు ఏరుతుంటే అమ్మ గుమ్మంలోంచి చూస్తోంది.

"ఎంత పెట్టావురా దానికి?"

చెప్పాను.

"మీ తాతయ్య ఇంట్లో వసారాకి కుచ్చు వేలాడేది, గుర్తులేదూ? దానికి మూతెక్కడిది, విరగడానికి!"

గాలికి ఊగే పళ్లెం

గుర్తులేకపోవడమేం! కోనసీమలో మా తాతయ్యది పెంకుటిల్లు. సార్వా కోతల రోజుల్లో, పనలు కుప్పకు చేరకముందే పెద్ద పాలేరు మంచి కంకులున్న గుప్పెళ్లు కొన్ని పక్కన పెట్టేవాడు. కాడ పొడుగ్గా ఉండేలా నేలకు దగ్గరగా కోసినవి. మరీ ఎండితే కాడ పుటుక్కుమంటుంది, మరీ పచ్చిగా ఉంటే గింజ బూజు పడుతుంది. ఆ రెంటికీ మధ్య అదను చూసి, ఆకు దూసేసి, కాడల మీద కాసిని నీళ్లు చిలకరించి, జడ అల్లినట్టు అల్లడం మొదలెట్టేవాడు. ప్రతి మెలికకూ రెండు మూడు కాడలు కొత్తగా చేర్చడం, కంకుల్ని బయటికి వదలడం. అలా చుట్టూ తిప్పుకుంటూ పోతే అంతస్తులంతస్తులుగా దిగే కుచ్చు తయారయ్యేది. పైన మిగిలిన కాడలే మెలి తిరిగి వేలాడదీసే ఉంగరమయ్యేవి. మేకు లేదు, తీగ లేదు, జిగురు లేదు. ఒకటి రామాలయానికి, ఒకటి ఇంటి చూరుకు. అల్లి తెచ్చినందుకు తాతయ్య కొత్త పంచె, కుంచెడు బియ్యం ఇచ్చేవాడు. సంక్రాంతికి ఇంటికొచ్చిన మనవలం దాని కింద నిలబడితే నెత్తిన ఊక రాలేది.

అప్పట్లో అది ఇంటికి అలంకారం, పిచ్చుకలకు పుణ్యం అనుకునేవాళ్లం. డబ్బా ముక్కలయ్యాకే దాని పనితనం మీద దృష్టి పెట్టాను. పావురం కూర్చోవాలంటే చదునైన చోటు కావాలి. గాలికి ఊగే కంకిని కాళ్లతో పట్టుకుని, తలకిందులుగా వేలాడుతూ గింజ లాగే విద్య దానికి రాదు. పిచ్చుకకు, జీనువాయికి, గిజిగాడికి అది పుట్టుకతో వచ్చిన విద్యే. పొలంలో, గట్టుమీది గడ్డికంకుల మీద అవి రోజూ చేసే పని అదే. కాకి ఒకటి రెండుసార్లు ప్రయత్నించి పరువు పోతుందని మానేస్తుంది. రాలిన నాలుగు గింజలూ గువ్వలు ఏరుకుంటాయి. అంటే ఎవరికి వడ్డించాలో, ఎవరికి వద్దో కుచ్చే చూసుకుంటుంది. వడ్ల మీద పొట్టు ఉంటుంది కాబట్టి గింజ తొందరగా చెడదు. అన్నీ ఒకే గిన్నెలో ముక్కులు ముంచే పని లేదు, ఏ పిట్ట కంకి దానిది.

గింజల పాత్ర కొనబోయేవాళ్లు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే అనిపిస్తుంది నాకు. ఎంతకాలం ఆగుతుందన్నది తర్వాతి మాట. మీ దొడ్డికి ఏ పిట్టలొస్తాయి, వాటిలో ఎవర్ని పిలుస్తున్నారు? నేను కొన్న గొట్టం తరహా డబ్బాకు పుట్టిల్లు అమెరికా. 1969లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పీటర్ కిలమ్ అనే ఆయన తెచ్చిన నమూనా అది. అక్కడి చిన్నచిన్న పిట్టలకు, వాటికిష్టమైన పొద్దుతిరుగుడు గింజలకు చక్కగా అమరింది. తప్పు ఆయనది కాదు, మన ఎండకూ మన ఉడతలకూ ఆయన పూచీ పడలేదు కదా.

ఇలాంటి ఆలోచన మన ఒక్కరిదే అనుకుంటే పొరపాటు. కేరళలో ఇళ్లకూ గుళ్లకూ వరికంకులతో అల్లిన కతిర్కుల కడతారు. ఎక్కడో మంచుదేశం నార్వేలో క్రిస్మస్‌కు ఓట్స్ పనను కట్టి, కర్రకు ఎత్తి, ఇంటిముందు పిట్టలకు నిలబెడతారు. దాన్ని యూలెనెక్ అంటారు. పంట ఇంటికొచ్చిన వేళ పిట్టకు వాటా తీసే బుద్ధి, పన విప్పకుండా అలాగే పెట్టే సులువు, ఇక్కడా అక్కడా ఒకేలా పుట్టాయి.

ఇప్పుడు కుచ్చు కావాలంటే దొరకడమే కష్టం. కోత మిషన్ దిగిన చేలో పొడుగు కాడ మిగలదు, అన్నీ తునకలే. చేత్తో కోసే మడి ఎక్కడుందో కనుక్కుని ముందుగా చెప్పుకోవాలి. అల్లే చేతులు మరీ తక్కువ. ఊళ్లలో ఉన్న ఒకరిద్దరి దగ్గర్నుంచి తెప్పించి పట్నం ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు, ఆన్‌లైన్‌లోనూ పెడుతున్నారు. కొనేముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. గోడకు అందంగా వేలాడదీసుకోవడానికి కొందరు వార్నిష్ పూస్తారు, రంగులు అద్దుతారు. అది హాల్లో గోడకే, పిట్టలకు పనికిరాదు. గడ్డివాసన వస్తే సరే, మందు వాసన వస్తే వద్దు. ఒక కంకి నలిపి గింజ గట్టిపడిందో, తాలో చూడండి. ఇనపతీగతో కట్టినదైతే తీగ కొసలు లోపలికి వంచండి, లేదా కొబ్బరితాడుతో మళ్లీ కట్టండి. నైలాన్ దారం మాత్రం వద్దు. పిట్ట కాలికి చుట్టుకుందంటే ఊడదు. పతంగుల నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది కూడా అది పక్షుల రెక్కల్నీ మనుషుల మెడల్నీ కోస్తున్నందుకే.

ఏది ఎన్నాళ్లు?

కుచ్చు నెలా రెణ్నెల్లు. పిచ్చుకలు ఎక్కువుంటే పదిహేను రోజులే. మిగతా ఏడాదికి ఏం పెట్టాలన్నది అసలు బేరం. ఈ మూడేళ్లలో నేను ఇంచుమించు అన్నీ పెట్టి చూశాను.

ప్లాస్టిక్ సంగతి చెప్పాను. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మామూలు ప్లాస్టిక్ పెళుసెక్కి, పొరలు పొరలుగా రాలి, మట్టిలో కలవకుండా కలిసిపోతుంది. కూల్‌డ్రింక్ సీసాకు రెండు చెక్కగరిటెలు గుచ్చి పిట్టల పళ్లెం చేయడం వీడియోల్లో చూసి మా వీధి పిల్లలందరూ చేశారు. పాత సీసాకు రెండో జన్మ అని ముచ్చటే గాని, రెండో జన్మ ఒక్క వేసవే. సెలవులయ్యాక అవన్నీ ఎవరు తీసి పారేశారో నాకు తెలుసు.

రేకుది దుకాణాల్లో చవకగా కనబడుతుంది. మా బెజవాడని ఊరికే బ్లేజువాడ అనలేదు. మే నెల మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టి చూస్తే, దాని మీద పిట్ట కాలు మోపమనడం ఎంత పాపమో తెలుస్తుంది. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి ఎండ బాధ లేకపోయినా తుప్పు బాధ తప్పదు. స్టీలు పళ్లెం తుప్పు పట్టదు. నీడలో పెడితే పరవాలేదు.

వెదురంటే పర్యావరణానికి మేలని దుకాణదారులు పెద్దపెద్ద అక్షరాల్లో రాస్తారు. నిజమే గాని, ఏ కాలంలో నరికారు, నీళ్లలో నాననిచ్చారా అన్నది ఎవరూ రాయరు. పచ్చివెదురులో ఉండే పిండిపదార్థానికి పుచ్చు పట్టే పురుగు మరుగుతుంది. అందుకే పాతకాలం వాళ్లు బొంగుల్ని వారాల తరబడి చెరువులో ముంచి ఉంచేవారు. అలా నానని వెదురు తెచ్చుకుంటే ఆరునెలల్లో కింద పసుపుపొడి రాలుతుంది. మేదరి అల్లిన చేట ఒకటి కొని మూడువైపులా తాళ్లు కట్టి వేలాడదీశాను. వాన నీళ్లు నిలవవు, గాలాడుతుంది, గింజ చెమ్మగిల్లదు. అల్లిక సందుల్లో రెట్ట ఇరుక్కుంటే కడగడమే కష్టం.

చెక్కదైతే టేకు, వేప. వడ్రంగి దుకాణంలో పనికిరాని ముక్కలు చాలు. మేకులకంటే మరలు మేలు. వానకు చెక్క ఉబ్బి, ఎండకు చిక్కి, ఏడాదికల్లా మేకులు వదులవుతాయి. ప్లైవుడ్ ఒక్క శ్రావణమాసం చూస్తే పొరలు విడిపోతుంది. పైకప్పు ముందుకు వాలి ఉండాలి, అడుగున నాలుగు కన్నాలుండాలి. రంగు వేయకపోతేనే మంచిది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90కి మించకూడదని మన దేశంలో 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లో ఉంది. అయితే బొమ్మలకూ పంజరాలకూ వేసే విడిరంగు డబ్బా మీద ఆ మాట ఉందో లేదో ఎవరు చూస్తారు? పిట్ట ముక్కుతో గీకేది ఆ రంగునే.

ఇక మట్టి. నా ఓటు దీనికే. కుమ్మరి దగ్గర తెచ్చిన, మెరుగు పూయని మట్టి మూకుడు, దాన్ని మోసే కొబ్బరిపీచు ఉట్టి. పెరుగుకుండ మోసిన ఉట్టికి ఇదేమంత బరువు! ఎండకు కాలదు, కడిగితే శుభ్రమవుతుంది, పిల్లి దూకి పగలగొడితే పెంకులు మొక్క మొదట్లో వేస్తాం. దాన్ని చేసినవాడు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. పగిలిపోయేదాన్ని మన్నికైనదంటావేమిటని మా ఆవిడ వాదన. పగిలినా చెత్తబుట్టకెక్కనిది, మర్నాడే అలాంటిదే మళ్లీ దొరికేది మన్నికైనది కాకపోతే మరేమిటని నా వాదన. ఇంకా తేలలేదు.

ఆఖర్న, అసలు కొనక్కర్లేనిది ఒకటుంది. మిక్సీలొచ్చాక దొడ్డి మూలకు చేరిన రుబ్బురోలు. తరాలు గడిచినా చెక్కుచెదరదు. దాని గుంత చిన్న పిట్టకు లోతెక్కువ కాబట్టి గులకరాళ్లు పోసి, నీళ్లు రెండు అంగుళాలకు మించకుండా చేశాను. జామచెట్టు నీడలో, పిల్లి నక్కడానికి వీలున్న పొదలకు నాలుగు బారల దూరంలో ఉంచాను. గింజకంటే నీళ్లకే ఎక్కువ పిట్టలొస్తాయని అప్పుడు తెలిసింది. గింజ తినని పికిలిపిట్టలు, గోరింకలు, తేనెపిట్టలు కూడా స్నానానికి దిగుతాయి. వేసవిలో ఒకటే పెట్టగలిగితే నీళ్లే పెట్టండి.

కడగని పళ్లెం

మంచి పాత్ర కొన్నాక మనం చేసే పెద్ద తప్పు, దాన్ని గుడి హుండీలా వదిలేయడం. వేయడమే గాని తీయడం ఉండదు.

బ్రిటన్‌లో చాలా ఇళ్ల దొడ్లలో గింజల పళ్లెం ఉంటుంది. అక్కడ గ్రీన్‌ఫించ్ అనే ఆకుపచ్చ పిట్ట ఒకటి ఆ పళ్లేలకు బాగా అలవాటు పడింది. 2005 నుంచి వాటి గొంతులో ఒక పరాన్నజీవి చేరి, మింగుడు పడనివ్వకుండా చంపడం మొదలెట్టింది. ఎంగిలి గింజల ద్వారా, ఎంగిలి నీళ్ల ద్వారా పాకే జబ్బు. పావురాల్లో, గువ్వల్లో మామూలుగా ఉండేదే. 2021కల్లా గ్రీన్‌ఫించ్‌ని అక్కడి ప్రమాద జాబితాలో ఎర్రగీత కిందికి చేర్చవలసి వచ్చింది. పక్షుల సంరక్షణకు అక్కడ పెద్దదిక్కైన ఆర్‌ఎస్‌పీబీ సంస్థ 2025లో బల్లపరుపు గింజల పళ్లేల అమ్మకాన్నే ఆపేసింది. ప్రేమతో పెట్టిన తిండే పిట్టల్ని ఒకచోట ముక్కు ముక్కు తాకేలా పోగుచేసింది. మన దగ్గర అంత జరిగిందని అనను. పళ్లెం పరుపుగా ఉండి, తిండి పోగుపడి, పావురాలు తొక్కుతుంటే దారి మాత్రం అదే.

అందుకని మా ఇంట్లో లెక్క ఇది. గింజ రోజుకు పిడికెడే, పొద్దున్నే. చీకటి పడేసరికి మిగిలింది తీసేస్తాం. గింజ రాత్రంతా ఉంటే ఎలుక వస్తుంది, ఎలుక వెనక ఎవరొస్తారో దొడ్డి ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మూకుళ్లు రెండు ఉన్నాయి. ఒకటి ఉట్టిలో ఉంటే రెండోది కడిగి ఎండలో బోర్లిస్తాం. రోలు నీళ్లు రోజూ మారుస్తాం. శుక్రవారం మాత్రం గులకరాళ్లు తీసి పీచుతో అంచులు గట్టిగా తోముతాం. డెంగీ దోమ గుడ్లు నీళ్లలో తేలవు, పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు ఒంపేసినా నెలల తరబడి ఎండి బతుకుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు. ఫ్రైడే డ్రైడే అని మునిసిపాలిటీ వాళ్లు మైకులో చెప్పేది అందుకే.

గింజల్లో కొర్రలు, సజ్జలు, నూకలు బాగా నడుస్తాయి. పచ్చి నూకలు తింటే పిట్ట కడుపులో ఉబ్బి చచ్చిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. వరిచేలో పిచ్చుకలు తినేది ఏమిటి మరి? వండిన అన్నం మన ఎండకు రెండు మూడు గంటల్లో పులుస్తుంది. మిగిలిపోయిన కారబ్బూందీ, రొట్టె, ఉప్పు తగిలినవేవీ వద్దు. పల్లీలు పెట్టేవాళ్లు ముక్కిన వాసన, బూజు చుక్క ఉన్నదాన్ని పిట్టకు కదా అని వేయొద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోతే, ఆరాలు తీస్తే తేలింది బూజు పట్టిన వేరుసెనగ పిండి. అఫ్లటాక్సిన్ అన్న విషాన్ని శాస్త్రజ్ఞులు గుర్తుపట్టింది అక్కడే. మనం తిననిది వాటికి పెట్టకూడదు, అంతే.

పావురాల మాట వచ్చింది కాబట్టి. హైదరాబాదు మొజంజాహీ మార్కెట్ ముందు జొన్నలు చల్లేవాళ్ల భక్తిని నేను తప్పుపట్టను. కానీ ఏడాది పొడుగునా కొండంత తిండి దొరికితే పావురం ఏడాది పొడుగునా పిల్లల్ని పెడుతుంది. ఎండిన రెట్ట పొడి పీల్చితే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. ముంబైలో 2025లో కబూతర్‌ఖానాల్ని మూయిస్తూ దాదర్‌లో టార్పాలిన్ కప్పితే గొడవలయ్యాయి, వ్యవహారం హైకోర్టుకూ ఎక్కింది. బాల్కనీలో పళ్లెం పెట్టదలచిన అపార్టుమెంటు వాసులు ఒకసారి కింద ఫ్లోరు వాళ్లను కూడా అడగండి.

దేశం మారితే ఈ లెక్కలూ మారతాయి. మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ల పెరట్లో డబ్బా రీసైకిల్ చేసిన మందపాటి ప్లాస్టిక్ పలకలతో చేసింది, ఎండకు తట్టుకునే మందు కలిపినది, ఐదేళ్లయినా చెక్కుచెదరలేదట. "మావయ్యా, మాకిక్కడ ఉడతలు మీ ఉడతలకు నాలుగింతలుంటాయి" అంది. ఇంకా ఉత్తరాన కొండలవైపు ఉండే వాళ్ల స్నేహితురాలైతే ఎలుగుబంటి వస్తుందని ఎండాకాలం డబ్బానే తీసేస్తుందట. ఇక లండన్‌లో అయితే గింజల డబ్బాలకు వేలాడుతున్నది ఎవరనుకున్నారు? మన రామచిలుకలే. ఎప్పుడో పంజరాల్లోంచి తప్పించుకుని, అక్కడి చలికి దొడ్ల తిండితో ఓర్చుకుని, ఊరంతా పాకాయి. అక్కడి చిన్న పిట్టలు వీటి గోలకు భయపడి డబ్బా దగ్గరికి రావడం తగ్గించాయని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి విదేశాల్లో ఇలా పేరు తెచ్చుకుంటోంది!

ఒక్క మాట మాత్రం చెప్పాలి. పిచ్చుకలే లేని వీధిలో ఎంత మంచి పళ్లెం కట్టినా పిచ్చుక పుట్టుకు రాదు. 2020లో వచ్చిన దేశ పక్షుల స్థితిగతుల నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగానే ఉంది. తగ్గింది హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో. 2018లో రజనీకాంత్ సినిమా చూసి అందరం సెల్ టవర్లను తిట్టుకున్నాం గాని, దానికి గట్టి ఆధారం లేదని ఆ నివేదికే అంది. గూటికి కన్నం లేదు, పిల్లలకు పురుగు లేదు, ఇవే ఎక్కువగా వినబడే కారణాలు. గింజలు తినే పిచ్చుక కూడా కళ్లు తెరవని పిల్లకు గింజ పెట్టదు, మెత్తటి పురుగే పెడుతుంది. మా దొడ్లో గోరింట పొదను కత్తిరించడం, బెండ మొక్కల మీద మందు కొట్టడం రెండూ మానేశాను. బెండకాయలు పుచ్చుతున్నాయి. అమ్మ సణుగుతోంది.

కిందటి సంక్రాంతికి ఊరినుంచి కుచ్చు తెప్పించాను. తాతయ్య ఇంటి కుచ్చుకు ఇది సగం కూడా లేదు, అల్లినవాడు ఆ పాలేరు మనవడే. వెనక వసారాలో కట్టాను. రెండ్రోజులు ఎవరూ రాలేదు. మూడోరోజు ఒక మగపిచ్చుక వచ్చి, నల్లటి గొంతు ఉబ్బించి, ఉంగరం మీద కూర్చుని అరిచి వెళ్లింది. సాయంత్రానికి ఆరు. నాలుగు వారాల్లో గింజ అన్నది మిగల్లేదు, ఉత్త గడ్డి వేలాడుతోంది. తీసేద్దామని స్టూలు వేసుకుని ఎక్కాను.

"దిగు" అంది అమ్మ కిందనుంచి.

దిగి పక్కకు జరిగాను. ఆడపిచ్చుక వచ్చి, ఒక గడ్డిపోచను మూడుసార్లు లాగి, నాలుగోసారి ఊడగానే దాన్ని అడ్డంగా పట్టుకుని, వసారా షట్టరు పెట్టె కన్నంలోకి ఎలా దూర్చాలో తెలియక అక్కడే అవస్థ పడుతోంది.